కనిపించకపోయినా గుర్తుండే బొమ్మ

*చూపు లేనివారికి, వినపడనివారికి, మౌస్ పట్టుకోలేనివారికి కూడా వెబ్‌సైట్లు, యాప్‌లు పనికొచ్చేలా ఎలా తయారు చేయాలో నేర్పే కంపెనీలు పుట్టుకొస్తున్నాయి. వాటికీ ఓ ముద్దుల బొమ్మ కావాలి. దాన్ని ఎవరి కోసం గీయాలి? ఎవరు గీయాలి?*

1997 డిసెంబర్ 16, మంగళవారం. జపాన్‌లో సాయంత్రం ఆరున్నర. పిల్లలంతా టీవీల ముందు చేరారు. ‘పోకెమాన్’ కార్టూన్ వచ్చే వేళ అది. ఆ రోజు కథ కంప్యూటర్ లోపల నడుస్తోంది. ఎదురొస్తున్న క్షిపణుల మీదికి పసుపుపచ్చ పికాచు తన పిడుగు వదిలింది. పేలుడు చూపించడానికి తెరంతా ఎరుపు, నీలం, ఎరుపు, నీలం... సెకనుకు పన్నెండు సార్ల చొప్పున కొట్టుకుంది. పట్టుమని పది సెకన్లు కూడా లేవు ఆ మెరుపులు. ఆ రాత్రి 685 మంది పిల్లల్ని ఆస్పత్రులకు తరలించారు. కొందరికి ఫిట్స్, కొందరికి వాంతులు, కొందరికి తలనొప్పి, కళ్లు మసకలు. కార్యక్రమం నాలుగు నెలలు ఆగిపోయింది.

ఆ ఎపిసోడ్‌లో కొత్తగా వచ్చిన పాత్ర పేరు పోరిగాన్. మెరుపులు పికాచువి. అయినా పికాచు ఆ తర్వాత దేశదేశాలు తిరిగింది, విమానాల మీదికి కూడా ఎక్కింది. పోరిగాన్‌కు మాత్రం ఆ సీరియల్ కథల్లో మళ్లీ చోటు దొరకలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

పిల్లలకు అంత ముద్దొచ్చే బొమ్మ పిల్లల్నే ఆస్పత్రి పాలు చేయగలదని ఆ సాయంత్రం దాకా ఎవరూ అనుకోలేదు. గీసినవాళ్లు దుర్మార్గులేం కాదు. చూసేవాళ్లలో ఇలాంటి పిల్లలూ ఉంటారన్న ఊహ వాళ్లకు రాలేదు, అంతే. ఆ ఊహ వచ్చేలా చేయడమే డిజిటల్ యాక్సెసిబిలిటీ శిక్షణ సంస్థల పని. అలాంటి సంస్థే తన ప్రచారానికి ఓ మాస్కాట్ గీయించుకోవాలనుకుంటే, మామూలు కంపెనీకి లేని చిక్కులన్నీ ఒక్కసారి ఎదురవుతాయి.

గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది?

కోర్టుల నుంచి. బ్యాంకు ఖాతా తెరవాలన్నా, సిమ్ కార్డు తీసుకోవాలన్నా ఇప్పుడు చాలా చోట్ల, ఫోన్‌లోనే మనిషి వివరాలు సరిచూసే ఈ-కేవైసీ దాటాల్సి వస్తోంది. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు మనిషేనని తేల్చుకోవడానికి యాప్ ‘కళ్లు ఆర్పండి’ అంటుంది. యాసిడ్ దాడిలో కళ్లు, రెప్పలు దెబ్బతిన్న మహిళ ఏం ఆర్పుతుంది? తన ముఖం తెర మీది గుండ్రటి గీతలోకి వచ్చిందో లేదో చూపు లేని మనిషికి ఎవరు చెబుతారు? యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ ఈ ప్రశ్నలతోనే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. పద్ధతులు మార్చుకోమంటూ 20 ఆదేశాలిచ్చింది.

అంతకు ముందు ఏడాది నవంబర్ 8న, రాజీవ్ రాతూరీ కేసులో, సదుపాయాల ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరి నిబంధనలు కావాలని అదే కోర్టు చెప్పి ఉంది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన అధ్యయన నివేదిక మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానిది. 2025 జులై ఆఖరున షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తన కిందనున్న సంస్థలన్నిటికీ దివ్యాంగుల హక్కుల చట్టాన్ని గుర్తు చేస్తూ సర్క్యులర్ పంపింది. దానికి దాదాపు నెల ముందు, జూన్ 28న, ఐరోపాలో యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చింది. ఐరోపా బ్యాంకులకు, దుకాణాలకు మాదాపూర్‌లో కూర్చుని కోడ్ రాసేవాళ్లకు అది పరాయి చట్టమేమీ కాదు. ప్రాజెక్టు డెడ్‌లైన్ పక్కన అదీ వచ్చి కూర్చుంది.

చట్టం వచ్చినంత మాత్రాన పని రాదు. వెబ్ఎయిమ్ అనే అమెరికన్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల ముఖపేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించినది, వెనక రంగులో కలిసిపోయే పాలిపోయిన అక్షరాలు. అంటే రంగు ముదురు చేస్తే తీరిపోయే జబ్బు. దానికి పెద్ద చదువులు అక్కర్లేదు, చెప్పేవాళ్లు కావాలి. అందుకే శిక్షణ. శిక్షణ అంటే నిబంధనల పట్టికలు. పట్టికలు చూడగానే ఆవలింతలు. ఆవలింతలు ఆపడానికి మాస్కాట్!

బొమ్మతో సరుకు అమ్మడం మన దేశానికి కొత్త కాదు. 1946లో ఎయిర్ ఇండియా మహారాజా తల వంచి నమస్కరించాడు. 1954లో ఆర్.కె.లక్ష్మణ్ గీసిన గట్టు రంగుల డబ్బా పట్టుకుని వచ్చాడు. 1966 నుంచి అమూల్ పాప వెన్న రాసుకుంటూనే ఉంది. 2009 ఐపీఎల్‌లో వొడాఫోన్ జూజూలు దేశాన్ని నవ్వించాయి. కోడిగుడ్డు తలల ఆ జీవాలు మాట్లాడవు, కిచకిచలాడతాయి. వినపడనివారికి హాయిగా అర్థమయ్యాయి. చూపు లేనివారికి మాత్రం, ఇంటిల్లిపాదీ ఎందుకు నవ్వుతున్నారో పక్కనున్నవాళ్లు చెబితే తప్ప తెలియలేదు. అప్పట్లో దాన్ని ఎవరూ లోపమని అనలేదు. శిక్షణ సంస్థకు ఆ వెసులుబాటు లేదు.

చేతుల్లేని పెట్రా, పంజా లేని మిలో

వైకల్యం చుట్టూ మాస్కాట్‌లు గీసిన అనుభవం అందరికంటే ఎక్కువ పారాలింపిక్స్ నిర్వాహకులది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ కుక్కపిల్ల కోబీని గీసిన హావియర్ మరిస్కాల్, పారాలింపిక్స్ కోసం పెట్రా అనే అమ్మాయిని గీశాడు. ఆ అమ్మాయికి చేతులు లేవు. ముఖంలో ఎక్కడా దిగులు కూడా లేదు. 2012 లండన్ పారాలింపిక్స్ మాస్కాట్‌కు మాండెవిల్ అని పేరు పెట్టారు. వెన్నెముక గాయాలైన సైనికులతో 1948లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ విలువిద్య పోటీలు నడిపిన స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి గుర్తుగా పెట్టిన పేరది. 2024 పారిస్‌లో ఎర్ర టోపీ ఆకారపు ఫ్రీజ్‌కు ఒక కాలి స్థానంలో పరుగు పందేల బ్లేడు అమర్చారు. 2026 మిలానో-కోర్టినా శీతాకాల పోటీల మిలో ఒక చిన్న అడవి జంతువు, ముంగిసను పోలి ఉంటుంది. పుట్టుకతోనే ఒక పంజా లేదు. తోకతో పని నడిపించుకుంటుంది. ఆ బొమ్మను ఇటలీలోని టవెర్నా అనే ఊరి బడిపిల్లలు ఊహించారు.

ఇవన్నీ చక్కటి బొమ్మలే. శిక్షణ సంస్థ వీటిని చూసి వాత పెట్టుకుంటే మాత్రం బోర్లాపడుతుంది. కాలు లేకపోవడాన్ని గీయొచ్చు. డిస్లెక్సియాను ఎలా గీస్తారు? చెవుడుని? ఆటిజాన్ని? కీళ్ల నొప్పులతో మౌస్ కదపలేని అరవై ఏళ్ల పెద్దమ్మను? మన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో సగానికి పైగా ఎదుటి మనిషిని చూస్తే తెలిసేవి కావు. చక్రాల కుర్చీలో ఒక బొమ్మను కూర్చోబెట్టేసరికి, మిగతావాళ్లంతా ‘ఇది మా గురించి కాదు’ అనుకుంటారు. కోడ్ రాసే కుర్రాడు కూడా ‘మన యాప్‌కి చక్రాల కుర్చీ వాళ్లతో ఏం పని, మెట్లు లేవుగా’ అనుకుంటాడు. రెండో ప్రమాదమే నిజానికి పెద్దది.

> నీలం చతురస్రంలో తగువు
>
> ఆస్పత్రుల దగ్గర, పార్కింగ్‌లో కనిపించే చక్రాల కుర్చీ గుర్తును 1968లో డెన్మార్క్‌కు చెందిన విద్యార్థిని సుసాన్ కోఫోడ్ గీసింది. ఆమె గీసినప్పుడు దానికి తల లేదు. కుర్చీ మాత్రమే ఉంది. తర్వాత కార్ల్ మోంటాన్ ఓ గుండ్రటి తల చేర్చి కుర్చీలో మనిషిని కూర్చోబెట్టాడు.
>
> అమెరికాలో సారా హెండ్రెన్, బ్రయాన్ గ్లెన్నీ ఆ మనిషిని ముందుకు వంచి, చేతులతో చక్రాలు తోసుకుంటున్నట్టు మార్చారు. 2014లో న్యూయార్క్ రాష్ట్రం ఆ కొత్త గుర్తును చట్టంలోకి తెచ్చుకుంది. ‘ఇప్పుడు ప్రాణం వచ్చింది’ అన్నవాళ్లున్నారు. ‘చేతులతో తోసుకోలేని మేము ఈ బొమ్మలో లేమా?’ అని అడిగినవాళ్లూ ఉన్నారు.

గొంతు ముందు, బొమ్మ తర్వాత

ఈ ముడిని అందంగా విప్పిన ఉదాహరణ ఒకటి బ్రిటన్‌లో ఉంది. జూలో జంతువులు టీవీ ఇంటర్వ్యూలు ఇస్తున్నట్టుగా నిక్ పార్క్ తీసిన మట్టిబొమ్మల చిత్రం ‘క్రీచర్ కంఫర్ట్స్’కు ఆస్కార్ వచ్చింది. 2007లో లెనార్డ్ చెషైర్ అనే వైకల్య సేవాసంస్థ, అదే ఆర్డ్‌మన్ స్టూడియోతో కలిసి ‘క్రీచర్ డిస్‌కంఫర్ట్స్’ పేరిట ప్రచార చిత్రాలు చేయించింది. ముందు వైకల్యం ఉన్న మనుషుల మాటలు రికార్డు చేశారు. బస్సు ఎక్కడం గురించి, ఉద్యోగం గురించి, జనం గుచ్చిగుచ్చి చూడడం గురించి. ఆ గొంతులు చేతికొచ్చాక వాటికి తగిన జంతువుల్ని తయారు చేశారు. ముళ్లపంది, కర్రపురుగు, పొడుగు కుక్క. జాలి అడిగే మొహం ఒక్కటీ లేదు. కొన్ని విసుక్కుంటాయి, కొన్ని వెటకారమాడతాయి. మాట అసలు మనిషిది కాబట్టి బొమ్మ ఏ వేషం వేసినా అబద్ధం అనిపించలేదు.

మన దగ్గర చాలా స్టూడియోల్లో పని తలకిందులుగా సాగుతుంది. ముందు గుండ్రటి కళ్లు, బుగ్గలు. ఆ తర్వాత ‘దీనికో కథ రాయండి’.

ఈ రంగంలో అనుకోకుండా పుట్టిన మాస్కాట్ ఒకటుంది. టెడ్ హెంటర్ అనే మోటార్‌సైకిల్ రేసర్ 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయాడు. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు, ఫ్లోరిడాలో కంపెనీ పెట్టాడు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే జాస్ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అప్పటికి ఫ్లిప్పర్ అని మరో స్క్రీన్ రీడర్ ఉండేది. ఫ్లిప్పర్ అంటే టీవీ సీరియల్లో ముద్దుల డాల్ఫిన్. అయితే మాది షార్క్ అన్నారు వీళ్లు, ‘జాస్’ అనే సొరచేప సినిమా పేరు కలిసొచ్చేలా. అలా జాస్ గుర్తులోకి సొరచేప వచ్చి చేరింది. కోరలు చూపించే చేపను చూసి ‘అయ్యో పాపం’ అనేవాళ్లుండరు. ఇదే ఏ ఏజెన్సీకో అప్పగించి ఉంటే ఓ చేయి, ఓ దీపం, లేకపోతే సగం తెరిచిన కన్ను గీసి ఇచ్చేవాళ్లు. షార్క్ వెయ్యి రెట్లు నయం.

పసుపు బొమ్మకు తెల్ల కాగితం శత్రువు

ఇక గీసే బల్ల దగ్గరికి వద్దాం. మాస్కాట్‌లకు పసుపు రంగంటే మోజు. హుషారుగా ఉంటుందని. అచ్చమైన పసుపుని తెల్లటి తెర మీద పెడితే రెండింటి మధ్య కాంతి తేడా 1.07:1. నలుపు-తెలుపుల మధ్య అది 21:1. బొమ్మల్లో అర్థం మోసే భాగాలకు కనీసం 3:1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే చూపు మందగించినవారికి ఆ పసుపు ముఖం తెల్లగోడ మీద సున్నంతో గీసినట్టే. వాళ్లకే అనుకోవద్దు. మే నెల మధ్యాహ్నం బస్టాపులో నిలబడి ఫోన్ చూసే ఎవరికైనా అంతే.

నల్ల గీతతో అంచు కట్టేస్తే సరిపోతుంది కదా అంటారు. తెల్ల తెర మీద సరిపోతుంది. కంటి ఇబ్బంది ఉన్న చాలామంది తెరను నలుపు చేసుకుని, అక్షరాలను తెల్లగా మార్చుకుని వాడతారు. వెనకభాగం పారదర్శకంగా ఉన్న బొమ్మ ఆ నలుపు మీదికి వెళ్లగానే నల్ల అంచు కరిగిపోతుంది. కనుబొమలు, నోరు మాయం. రెండు కనుగుడ్లు మాత్రం గాల్లో తేలుతుంటాయి! విరుగుడు చిన్నదే. నల్ల గీత బయట స్టిక్కర్‌కి ఉన్నట్టు సన్నటి తెల్ల అంచు ఇంకొకటి ఇవ్వాలి. ఇలాంటివి డిజైన్ కాలేజీలో చెప్పేవి కావు, వాడుకునేవాళ్ల పక్కన కూర్చుంటే తెలిసేవి.

సరైన జవాబుకు బొమ్మ చొక్కా ఆకుపచ్చగా, తప్పుకు ఎర్రగా మారడం మరో సరదా. ఆ రెండు రంగుల తేడా తెలియని మగవాళ్లు ప్రతి తరగతిలో ఒకరో ఇద్దరో ఉంటారు, చాలాసార్లు వాళ్లకే తెలియకుండా. రంగుతోపాటు ఏదో ఒక గుర్తు మారాలి, మాటలోనూ చెప్పాలి. ముఖకవళికలకూ ఇదే సూత్రం. కనుబొమ ఎగరేస్తే అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆటిజం ఉన్న విద్యార్థికి తెలియకపోవచ్చు. ‘బాగా చేశారు’ అని పక్కన రాస్తే పోయేదేముంది?

> బొమ్మ కదిలితే...
>
> • సెకనుకు మూడుసార్లకు మించి మెరుపులు ఉండకూడదు. పికాచు నేర్పిన పాఠం ఇప్పుడు వెబ్ మార్గదర్శకాల్లోనూ ఉంది. 2007లో లండన్ ఒలింపిక్స్ లోగో ప్రచార వీడియోలోని ఒక భాగాన్ని ఇదే కారణంతో వెనక్కి తీసుకున్నారు.
>
> • తనంతట తానే మొదలై ఐదు సెకన్లకు మించి కదిలే బొమ్మను ఆపే బటన్ పేజీలోనే కనిపించాలి.
>
> • అడగకుండా మొదలయ్యే శబ్దం మూడు సెకన్లు దాటితే ఆపే వీలుండాలి. లేకపోతే స్క్రీన్ రీడర్ గొంతు మీద మాస్కాట్ పాట పడుతుంది.
>
> • ఫోన్ సెట్టింగుల్లో ‘కదలికలు తగ్గించు’ అని పెట్టుకున్నవారికి బొమ్మ నిశ్చలంగా కనిపించాలి. కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు దాన్ని ఊరికే పెట్టుకోరు.

నోరు ఎప్పుడు మూసుకోవాలో తెలియాలి

చూపు లేని విద్యార్థికి మాస్కాట్ అంటే ఒక వాక్యం. బొమ్మ వెనక రాసే వివరణ, ఆల్ట్ టెక్స్ట్. అది రాయకపోతే, బొమ్మ ఒక లింకులో ఉన్నప్పుడు స్క్రీన్ రీడర్ ఫైల్ పేరు చదివేస్తుంది. ‘గ్రాఫిక్, మాస్కాట్ అండర్‌స్కోర్ ఫైనల్ అండర్‌స్కోర్ ఫైనల్ టూ డాట్ పీఎన్‌జీ’. లక్షలు పోసి గీయించిన బొమ్మ ఒక శ్రోతకు ఇలా పరిచయమవుతుంది.

‘మా మాస్కాట్ చిత్రం’ అని రాయడం రాయకపోవడంతో సమానం. ‘కళ్లజోడు పెట్టుకున్న గబ్బిలం కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, తిరగేసిన ల్యాప్‌టాప్‌లో టైప్ చేస్తోంది’ అంటే నవ్వొస్తుంది, బొమ్మ మనసులో పడుతుంది. నన్నడిగితే పని ఇక్కడి నుంచే మొదలవ్వాలి. ఆర్టిస్టు పెన్సిల్ పట్టకముందే ఆ వాక్యం రాయాలి. చూపు లేని నలుగురికి చదివి వినిపించాలి. వారం తర్వాత ‘ఆ బొమ్మ ఏం చేస్తోంది?’ అని అడగాలి. గుర్తుంటే గీయండి. గుర్తులేకపోతే ఆ బొమ్మకు రంగులేసి లాభం లేదు, వేరే వాక్యం రాసుకోండి.

దీనికి రెండో వైపు ఉంది. ఒక కోర్సులో అదే గబ్బిలం నలభై పేజీల్లో మూలమూలనా కూర్చుంటుంది. నలభై సార్లూ స్క్రీన్ రీడర్ అదే వాక్యం చదివితే విద్యార్థి ల్యాప్‌టాప్ మూసేసి వెళ్లిపోతాడు. ఊరికే అలంకారానికి పెట్టిన చోట వివరణను ఉద్దేశపూర్వకంగా ఖాళీగా ఉంచాలి. అప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి వెళ్తుంది. తొలి పరిచయంలో పూర్తి వాక్యం, కొత్త పని చేస్తున్నప్పుడు ఆ పని, మిగతా చోట్ల మౌనం. ఈ మూడూ బ్రాండ్ పుస్తకంలో, రంగుల నంబర్ల పక్కనే, రాసి ఉండాలి.

మౌనం తెలియని బొమ్మ గతి ఏమైందో క్లిప్పీని అడగాలి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో వచ్చిన కాగితాల క్లిప్పు అది, కెవన్ ఆట్‌బెరీ గీశాడు. ‘డియర్’ అని కొట్టగానే ‘ఉత్తరం రాస్తున్నట్టున్నారు, సాయం చేయనా?’ అంటూ ఊడిపడేది. పదేళ్లు తిరిగేసరికి, ఆఫీస్ 2007 నాటికి, ఇంటికి పంపేశారు. కళ్లతో చూసేవాళ్లకు అలా ఊడిపడే బొమ్మ చిరాకు. కీబోర్డు మీదే ఆధారపడేవారికి అంతకంటే ఎక్కువ నష్టం. పాపప్ రాగానే తాము ఏ గడిలో ఉన్నారో ఆ జాగా పోతుంది. మళ్లీ మొదటి నుంచి ట్యాబ్ నొక్కుకుంటూ రావాలి. శిక్షణ కోర్సులో పిలిస్తేనే పలికే బొమ్మ కావాలి.

మన చెట్ల మీది అభ్యర్థులు

తెలుగునాట ఒక సంస్థ ఇలాంటి బొమ్మను ఎంచుకోవాలనుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఉడుత. వారధికి ఇసుక మోసింది కదా. కానీ మన నోట ఉడతాభక్తి అంటే చేతనైనంత చిన్న సాయం. వెబ్‌సైటు అందరికీ తెరుచుకోవడం చట్టం చెప్పిన బాధ్యత. దాని మీద సేవాభావం ముద్ర వేస్తే కంపెనీలు సంక్రాంతికి దుప్పట్లు పంచినట్టు ఏడాదికోసారి పంచి ఊరుకుంటాయి. ఏనుగు? ఆరుగురు గుడ్డివాళ్ల కథ తరుముకుంటూ వస్తుంది. చూపు లేని మనుషుల్ని అమాయకులుగా చూపించే కథను ఈ సంస్థే నెత్తికెత్తుకోవడం బాగోదు. గుడ్లగూబను భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగో ఎప్పుడో పట్టుకుపోయింది.

నా ఓటు గబ్బిలానికి. పైన ఉదాహరణలో దాన్ని దూర్చింది అందుకే. చిన్న గబ్బిలాలు మనకు వినిపించని శబ్దం వదిలి, అది తిరిగొచ్చే తీరును బట్టి చీకట్లో దోమను పట్టుకుంటాయి. అలాగని గబ్బిలాలకు కళ్లు లేవనుకోవడం అపోహ. ఊరి చివర మర్రిచెట్టుకు గుత్తులుగా వేలాడే పెద్ద గబ్బిలాలైతే కళ్లతో, ముక్కుతోనే దారి వెతుక్కుంటాయి. ఒకే జాతిలో రెండు దారులు. ఏదీ తక్కువ కాదు, ఒకటి రెండోదానికి ‘ప్రత్యామ్నాయం’ కూడా కాదు. యాక్సెసిబిలిటీ తరగతిలో మొదటి రోజు చెప్పాల్సిన సంగతి ఇదేగా!

ఇంకో కారణం మన సాహిత్యంలోనే ఉంది. 1941లో వచ్చిన గుర్రం జాషువా ‘గబ్బిలం’లో, కులం పేరుతో గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర శివుడికి వినిపించమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం పక్షిలా ఎగిరే ఆ జంతువుకు ఉంది. ఆనాటి అంటరానితనాన్ని, ఈనాటి తెరుచుకోని యాప్‌ను ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. బాధల కొలతలు వేరు. గడప దగ్గర ఆపేసినవాడి తరఫున లోపలికి వెళ్లే ప్రాణి అన్న గుర్తు మాత్రం మన భాషలో గబ్బిలానికే ఉంది.

మార్కెటింగ్ వాళ్లు ఒప్పుకుంటారా? అనుమానమే. ఇంట్లో దూరితే అరిష్టమన్న నమ్మకం పోలేదు. 2018లో కేరళలో నిపా, ఆ వెనకే కోవిడ్ దాని పరువు ఇంకాస్త తీశాయి. జనం తెలియక భయపడే ప్రాణిని పక్కన పెట్టుకుని, మనుషుల పట్ల ఉండే తెలియని భయాల గురించి పాఠం చెప్పడం తెలివైన పనే అంటాను. బిల్లు కట్టేది నేను కాదు కాబట్టి ఈ ధైర్యం.

ఏ ప్రాణిని ఎంచుకున్నా పేరు పెట్టేముందు ఒక పని చేయాలి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌లో ఆ పేరును తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి చదివించి వినాలి. మధ్యలో అంకెలు, చుక్కలు దూర్చిన పేర్లు కాగితం మీద ముచ్చటగా ఉంటాయి, యంత్రం గొంతులో టెలిఫోన్ నంబరులా వినిపిస్తాయి.

బొమ్మ నవ్వుతోంది, ఫారమ్ తెరుచుకోవడం లేదు

బొమ్మతో వచ్చే అసలు ముప్పు, అది పనికి బదులుగా చలామణి అయిపోవడం. కొన్ని వెబ్‌సైట్లలో ఓ మూలన, వృత్తంలో చేతులు చాచిన చిన్న మనిషి గుర్తు కనిపిస్తుంది. నొక్కితే అక్షరాలు పెద్దవి చేసుకునే, రంగులు మార్చుకునే మెనూ వస్తుంది. ఇలాంటి పైపూత పరికరం అమ్మే యాక్సెసిబీ కంపెనీ, తన కృత్రిమ మేధ ఏ సైటునైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తుందని ప్రచారం చేసుకుంది. ఆ మాటలు జనాన్ని తప్పుదోవ పట్టించాయంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2025లో ఆ వ్యవహారం తేలాక కంపెనీ పది లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. మూలన చిన్న బొమ్మ పెడితే ఇల్లంతా బాగుపడుతుందని నమ్మాలని చాలామందికి ఉంటుంది. ఆ కోరిక మీదే ఈ సరుకు అమ్ముడుపోతుంది.

శిక్షణ సంస్థ మాస్కాట్‌కూ ఇదే పరీక్ష. టీషర్టుల మీద గబ్బిలం నవ్వుతూ ఉండి, కోర్సు ఫీజు కట్టే పేజీలో స్క్రీన్ రీడర్ చిక్కుకుపోతే జనం మరచిపోరు. మామూలు కంపెనీలో అది సాంకేతిక లోపం, ఇక్కడ కార్టూన్‌కి సరుకు. మాస్కాట్ కోసం పోటీ పెట్టే సంస్థలు ఇంకో తమాషా చేస్తుంటాయి. నిబంధనలను పోస్టర్ బొమ్మగా స్కాన్ చేసి పెడతాయి. అందులో ఒక్క అక్షరమూ స్క్రీన్ రీడర్‌కు అందదు. అందరికీ అందే బొమ్మ కోసం పెట్టిన పోటీ కొందరికి గేటు దగ్గరే మూతపడుతుంది. న్యాయనిర్ణేతల్లో చూపు లేనివారు ఒకరుంటే ఆ పోస్టర్ బయటికే వచ్చేది కాదు. వాళ్లను ‘అభిప్రాయం చెప్పండి’ అని చివర్లో ఉచితంగా పిలవడం వేరు, మొదటి రోజు నుంచి ఆర్టిస్టుతో సమానంగా ఫీజు ఇచ్చి కూర్చోబెట్టుకోవడం వేరు.

ఐదో వేలు

గీతల్లో చివరిగా తేలాల్సింది చేతుల సంగతి. మిక్కీ మౌస్ చేతికి నాలుగే వేళ్లు. వేలల్లో బొమ్మలు గీయాలి కాబట్టి ఒక వేలు తగ్గితే బోలెడు శ్రమ తగ్గేది. ఆ అలవాటు ఇప్పటికీ మాస్కాట్‌లలో నడుస్తోంది. యాక్సెసిబిలిటీ పాఠాలు చెప్పే బొమ్మ ఏదో ఒక రోజు సంజ్ఞా భాషలో మాట్లాడాల్సి వస్తుంది. బ్రిటిష్ సంజ్ఞా భాషలో ఇంగ్లిష్ అచ్చులు ఐదింటినీ ఒక చేతి ఐదు వేళ్ల కొసలను రెండో చేతి వేలితో తాకి చూపిస్తారు. నాలుగు వేళ్ల బొమ్మకు ఒక అచ్చు పలకదు. భారతీయ సంజ్ఞా భాషలోనూ చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి. మిటెన్ తొడుక్కున్నట్టుండే మొద్దు చేతులు, మూడు వేళ్ల పంజాలు ఇక్కడ పనికిరావు.

గబ్బిలానికి ఆ బెంగ లేదని గర్వంగా మనవి చేస్తున్నాను. దాని రెక్క నిజానికి చెయ్యే. కొక్కెంలా పైకి తేలిన బొటనవేలు, పలచటి చర్మం పరుచుకున్న నాలుగు పొడుగు వేళ్లు, మొత్తం ఐదు.

బొమ్మ ఆ చేతులతో తన పేరు చెప్పుకోవాలంటే ఒక చిక్కుంది. సంజ్ఞా భాషలో పేరంటే అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే కాదు. మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించే పోలికనో అలవాటునో పట్టి ఒక సంజ్ఞ ఇస్తారు. ఆ సంజ్ఞను బధిరులే ఇస్తారు, పెట్టించుకునేవాడు ఎంచుకునే ఆచారం లేదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారు చేసిన పదివేల పదాల నిఘంటువులో గబ్బిలానికి సంజ్ఞ వెతుక్కోవచ్చు గానీ, ఈ కళ్లజోడు గబ్బిలానికి పేరు అందులో దొరకదు. బధిర విద్యార్థులు కొన్నాళ్లు దానితో పాఠాలు చదివి, నవ్వుకుని, విసుక్కుని, వాళ్లలో వాళ్లు ఏదో ఒకటి అనుకుంటారు. అది కళ్లజోడు మీద జోకే కావచ్చు, తలకిందులు మీద కావచ్చు, కంపెనీ యజమానికి నచ్చకపోనూ వచ్చు. బ్రాండ్ పుస్తకంలో ఆ పేజీ ఖాళీగా వదిలేసి, ఈలోగా మిగతాది అచ్చుకు పంపించుకోవచ్చు.